ముడి మీద మట్టి

కాకినాడ,
జూలై 6

చిరంజీవి సౌభాగ్యవతి సత్యశ్రీకి,
నీ ఆడపడుచు శ్యామలాంబ దీవెనలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నా ఫోను పాడవలేదు, రీచార్జీ కూడా అయిపోలేదు. ఫోన్ ఎత్తగానే నువ్వు "బాగున్నాం వదినగారూ" అంటావు. నేనింకా అడక్కముందే అంటావు. నీ నోటికి ఆ మాట అలవాటైపోయింది. చేతికి ఇంకా అలవాటై ఉండదని నా ఆశ. అందుకని ఈ కాగితం. మంగళవారం, శనివారం మన నర్సరీ నుంచి అమ్మిరాజు వ్యానులో ఇక్కడికి మొక్కలు తెస్తాడు కదా, నా ఉత్తరం అతనికే ఇస్తాను. జవాబు అతని చేతే పంపు.

తమ్ముడు నడిచిన రోజు సంగతి అడగాలి నిన్ను. మూడేళ్ళ కిందట కొబ్బరి మొక్కల లోడు ఎక్కిస్తూ లారీ మీద నుంచి పడినవాడు, నడుము విరిగి రెండు ఆపరేషన్లయినవాడు, పది నెలలు మంచం దిగనివాడు, మా గణేష్‌బాబు, కర్ర పట్టుకుని గది గుమ్మం నుంచి వీధి అరుగు దాకా నడిచి వచ్చాడు. నేను ఏడ్చాను. మీ పనిమనిషి రత్తమ్మ ఏడ్చింది. ఆ అమ్మిరాజు, వాడికేం సంబంధమో, వాడు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నువ్వు లేవు. వంటింట్లోకి వచ్చి చూస్తే స్టవ్ తుడుస్తున్నావు. "పాలు పొంగిపోయాయండి" అన్నావు.

పాలు పొంగలేదు సత్యా. స్టవ్ పొడిగా ఉంది. అప్పుడు అడగలేదు, ఇంటినిండా జనం. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇంకో సంగతి. పోయిన ఏడాది గాలివానకి నాన్న సొట్టమామిడి కూలిపోయినప్పుడు నువ్వు దాని పుల్లలు కోసి అంటు కట్టావని, పన్నెండు మొక్కలు బతికాయని తమ్ముడు చెప్పాడు. అందులో ఒకటి నాకు పంపు. నాన్న ఆ కాయ బయటివాళ్ళకి ఒక్కటి అమ్మలేదు. పక్కన సొట్ట పడిన కాయ ఎవడు కొంటాడని పైకి అనేవాడు గానీ, అసలు సంగతి మనసొప్పక. ఆ చెట్టు ఇంకెక్కడా లేదు.

వ్యాను ఖాళీగా తిరిగొస్తుంది. నీకేం పంపను? ఏం కావాలో రాయి.

నీ వదిన,
శ్యామలాంబ


కడియపులంక,
జూలై 16

వదినగారికి నమస్కారాలతో సత్యశ్రీ వ్రాయునది.

మేమంతా బాగున్నాం. చూశారా, చేతికీ అలవాటైంది.

మీ తమ్ముడు ఇప్పుడు రోజుకి రెండుసార్లు కర్రతో మొదటి షెడ్డు దాకా వెళ్ళి వస్తున్నారు. బీపీ మాత్ర డాక్టరు సగానికి తగ్గించారు. నేను నాలుగున్నరకి లేస్తాను. మోటారు వేస్తాను. ఆయనకి స్నానం, టిఫిను అయ్యాక నర్సరీలోకి వెళ్తాను. ఈ వానలకి అంటు కట్టే పని జోరుగా ఉంది, రోజుకి రెండు వందల యాభై కడుతున్నాను. ఇంతకుముందు రెండు వందలు దాటేదాన్ని కాదు. చెయ్యి బాగా సాగుతోంది.

పాల సంగతి మీరు రాసింది నిజమే. పొంగలేదు. అందరూ ఏడుస్తుంటే నేను కూడా ఏడవాలని తెలిసింది. రాలేదు. ఆయన భార్యని నేను. ఏడుపు రాని మొహంతో అక్కడ నిలబడితే ఏం బాగుంటుంది అని లోపలికి వెళ్ళాను. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా, గుడ్డ తీసుకున్నాను.

ఆయన నడిస్తే కోరుకొండ మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నాను. పోయిన వారం వెళ్ళి తీర్చాను. మెట్లన్నీ ఎక్కాను, అవి ఎంత నిటారుగా ఉంటాయో మీకు తెలుసు. పైన స్వామి ముందు నిలబడి, కింద చెప్పులు ఎవరైనా వేసుకుపోతారేమో అనుకున్నాను. మూడేళ్ళు ఆ స్వామినే పట్టుకుని ఉన్నాను కదా, తీరా అక్కడికి వెళ్తే చెప్పడానికి ఏమీ లేకపోయింది. చెప్పులు ఉన్నాయి. బస్సు కూడా వెంటనే దొరికింది.

దీన్ని పెద్దది చెయ్యకండి. జ్వరం లేదు, ఆకలి ఉంది, పని ఎక్కడా ఆగలేదు. మొక్క అమ్మిరాజుతో పంపుతున్నాను.

నాకు ఏమీ అక్కర్లేదు.

సత్యశ్రీ


కాకినాడ,
జూలై 20

సత్యా,

మొక్క వచ్చింది. దిట్టంగా ఉంది, ఆకులు మిలమిలలాడుతున్నాయి, కుండీలో ఒక్క గడ్డిపోచ లేదు. ఇరుగుపొరుగు వాళ్ళందరికీ చూపించి మా నాన్న చెట్టు పిల్ల అని గొప్పలు పోయాను. ఆ తర్వాత ఆకు నలిపి వాసన చూశాను.

నేను నర్సరీవాడి కూతుర్ని అని మర్చిపోయావా? పందొమ్మిదేళ్ళకి పెళ్ళయి ఈ ఊరు వచ్చినా ముక్కు ఇంకా కడియపులంకదే. నాన్న చెట్టు ఆకు నలిపితే పచ్చి జీలకర్ర వాసన రావాలి. ఇది ఏ వాసనా లేని ఉత్త మామిడాకు. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. నువ్వు కట్టిన పుల్ల నల్లగా ఎండి ముడి దగ్గర పుడకలా ఉంది. కింద ఆధారానికి వాడిన టెంక మొక్క చిగురేసి పైకి లేచింది. అంటు చచ్చిపోయింది, టెంక మొక్క బతికింది. మొక్కలు కొనేవాళ్ళకి తెలియదు గానీ, నువ్వు నర్సరీ చూసుకుంటున్న ఇరవై రెండేళ్ళలో ఒక్కటి కూడా ఇలా గేటు దాటి పోలేదు. తమ్ముడైనా పొరబడేవాడు, నువ్వు పడేదానివి కాదు. చీకట్లో తడిమి ఏది టెంక చిగురో ఏది అంటు చిగురో చెప్పేదానివి.

సరే, రోజుకి రెండు వందల యాభై కడితే కళ్ళు అలిసిపోవా అనుకుని సర్దుకుంటున్నాను. నవ్వుతూనే రాస్తున్నాను. చూడలేదు కదూ? చూడలేదని రాసెయ్యి, నిశ్చింతగా నిద్రపోతాను.

గొట్టం కాజాలు పంపుతున్నాను. నువ్వు అడగలేదు, తెలుసు. ఈసారైనా ఏం కావాలో రాయి.

శ్యామల వదిన


కడియపులంక,
ఆగస్టు 3

వదినగారికి,

కాజాలు అందాయి. అందరికీ పంచాను.

చూశాను. కుండీ వ్యానులోకి ఎక్కిస్తుంటే ముడి కంటబడింది. పుల్ల ఎండిపోయిందని తెలిసింది. ఇది టెంక మొక్క, వదినగారు అడిగింది ఇది కాదు అని కూడా అనుకున్నాను. మిగిలిన పదకొండూ నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి. వెళ్ళి మార్చలేదు. ఏ మొక్కయితే ఏమిటి, ఇదీ పచ్చగానే ఉంది కదా అనిపించింది. అమ్మిరాజు తలుపు వేశాడు.

మీకు అబద్ధం రాయవచ్చు. కళ్ళు సరిగా కనబడటం లేదని రాస్తే మీరు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, అంతటితో అయిపోతుంది. కానీ కాగితం మీద రాయమని మీరే అన్నారు. కళ్ళు బాగా కనబడుతున్నాయి. అన్నీ కనబడుతున్నాయి. ఏదీ లోపలికి రావడం లేదు.

ఇప్పుడు మీరు ఆ మొక్కనీ నన్నూ పోల్చి ఏదో రాస్తారు, మీ సంగతి నాకు తెలుసు. వద్దు. నేను ఎండిపోలేదు. ఎండిపోయినదాన్ని కూర్చోబెట్టొచ్చు, నేను కూర్చోలేకపోతున్నాను. పని అయిపోతే భయం వేస్తుంది. భయం కూడా కాదు, కాళ్ళు ఆగవు. కట్టిన వరసలే మళ్ళీ చూసి వస్తాను. అన్నం తింటూ లేచి మోటారు చూసి వస్తాను. ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళూ రెండు గంటలకోసారి పక్కకి తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఆయనే తిరుగుతున్నారు, నేను మాత్రం రెండు గంటలకోసారి ఉలిక్కిపడి లేస్తున్నాను. లేచి, ఎందుకు లేచానో తెలియక నిలబడతాను.

ఇంకో విషయం మీకు ఆయన చెప్పి ఉండరు. రామచంద్రపురం లోకనాథ్ గారు మన స్థలం పదిహేనేళ్ళకి లీజుకి అడుగుతున్నారు. ఫంక్షన్ హాలు కడతారట. షెడ్లు తీసేసి, నేల చదును చేసి సిమెంటు వేస్తారు. మీ తమ్ముడు నన్ను "ఏమంటావు" అన్నారు. "మీ ఇష్టం" అన్నాను. కాగితం నా పేరు మీద కూడా ఉంది కాబట్టి నేనూ సంతకం చెయ్యాలి. విజయదశమికి ముహూర్తం పెట్టుకున్నారు. సంతకం పెట్టేస్తాను. ఇరవై రెండేళ్ళు నేను పెంచిన నర్సరీ పోతోందని బాధపడాలని నాకూ తెలుసు. బాధ కోసం చాలాసేపు చూశాను.

నాకు ఏమీ అక్కర్లేదు.

సత్యశ్రీ


కాకినాడ,
ఆగస్టు 6

సత్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇవాళ హాస్యాలు ఆడను.

సంతకం పెట్టకు. వాయిదా వెయ్యి. కారణం అడిగితే నేను ఒప్పుకోలేదని చెప్పు, పుట్టింటి ఆస్తి మీద కన్నేసిన ఆడపడుచునని ఊరంతా అనుకున్నా ఫర్వాలేదు. ఇప్పుడు నీకు ఏది ఎంత విలువైనదో నీ మనసు చెప్పడం లేదు. అలాంటప్పుడు పెద్ద కాగితాల మీద చెయ్యి పెట్టకూడదు.

ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. మా అత్తగారు రత్నమాణిక్యం గారు నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు కదా. ఆవిడ పోయాక అందరూ "శ్యామలాంబ ఎంత చేసిందమ్మా" అన్నారు. పదకొండో రోజు నేను చుట్టాలందరినీ నవ్వించాను, గుర్తుందా? అప్పడాలు కొరుకుడు పడటం లేదని ఆ పూట ఏవో వాగాను. గుండె నిబ్బరం అన్నారు. నిబ్బరం కాదు. లోపల ఏమీ లేదు. ఏడాదిన్నర పాటు ఏమీ లేదు. మా పెద్దాడికి ఉద్యోగం వస్తే స్వీట్లు పంచాను, ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. మీ అన్నయ్యగారికి తెలియలేదు. నేను జోకులు వేస్తూ ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? అది దానంతట అది పోయింది అనుకుంటున్నాను గానీ, ఎప్పుడు పోయిందో, అంతా పోయిందో లేదో కూడా తెలియదు. అందుకే ఆ రోజు పొడి స్టవ్ చూడగానే నాకు అర్థమైంది. అర్థమై కూడా మొక్క అడిగి, కాజాలు పంపి, చుట్టూ తిరిగాను. నేరుగా అడగడానికి భయపడ్డాను. క్షమించు.

మా వీధి చివర పెద్దాసుపత్రిలో పని చేసే డాక్టరమ్మ ఉంది, దుర్గాశ్రీ అని. నీ పేరు చెప్పకుండా అడిగాను. చాలా రోజులు బెంగతో, నిద్ర లేకుండా నెగ్గుకొచ్చినవాళ్ళకి, గండం గడిచాక ఇలా వస్తుందట. "ప్రేమ లేక కాదండి, పట్టుకుని పట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కినట్టు" అంది. మనిషిని చూడాలి, తీసుకురండి అంది. రా.

రాకపోతే ఒక్క పని చెయ్యి. మిగిలిన పదకొండు మొక్కలూ నాకు పంపెయ్యి. నీ దగ్గర ఉంచితే ఫంక్షన్ హాలు సిమెంటు కింద పోతాయి. నాన్న పేరు అక్కడితో సరి.

ఏం కావాలి నీకు? ఊరికే అడగడం లేదు.

శ్యామల


కడియపులంక,
ఆగస్టు 24

వదినగారికి,

పదకొండు మొక్కలూ పంపుతున్నాను. ఈసారి అన్నీ చూశాను, అన్నీ అంటు మొక్కలే. అమ్మిరాజు "ఇవి కూడా ఇచ్చేస్తున్నారేంటండి" అన్నాడు. ఇచ్చేస్తున్నాను అన్నాను.

ఇవి కట్టిన రోజు నాకు సరిగా గుర్తు లేదు. ఆయన రెండో ఆపరేషను రేపనగా చెట్టు కూలింది. హాస్పిటల్ నుంచి బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చాను. గుమ్మంలోకి అడుగు పెట్టానో లేదో రత్తమ్మ చెప్పింది. బట్టల సంచి అరుగు మీద పెట్టి, కత్తి తీసుకుని వెళ్ళి, కొమ్మలు వాడకముందే నలభై కట్టాను. ఆ వేళ ఎందుకు కట్టానో తెలియదు. ఎవరూ కట్టమనలేదు. తర్వాత సంచి తీసుకుని బస్సెక్కాను.

మీ అత్తగారి సంగతి చదివాను. మీరు అంత రాశారు, నేను కూడా ఏదో రాయాలి. ఏం రాయాలో తెలియడం లేదు. పదకొండో రోజు నవ్వినవాళ్ళలో నేను కూడా ఉన్నానని మాత్రం గుర్తొచ్చింది.

డాక్టరు దగ్గరికి ఇప్పుడు రాలేను. పని ఉంది. మీరు ఒప్పుకోలేదు, లీజు వాయిదా అంటే మీ తమ్ముడు కర్ర తీసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయారు. ఆయన ఈ మధ్య నా వైపు చూసి, నేను చూడగానే తల తిప్పుకుంటున్నారు. నడుము నొప్పా అని అడిగితే కాదన్నారు. మందులు వేళకి ఇస్తున్నాను. "వేసుకోండి, పడుకోండి, లేవండి" అంటాను. ఆయన వేసుకుంటారు, పడుకుంటారు, లేస్తారు. ఏ గొడవా లేదు.

నాకు ఏమీ అక్కర్లేదు. మొక్కలకి నీళ్ళు మాత్రం ఎక్కువ పోయకండి.

సత్యశ్రీ


కాకినాడ,
సెప్టెంబరు 10

సత్యమ్మా,

నీ డాక్టరు పని తర్వాత చూద్దాం, ముందు నా పనితనం విను. పదకొండు మొక్కలూ వచ్చిన మూడో రోజే మా పెరట్లో పాతేశాను. కూలీని పెట్టుకోలేదు. అరవై రెండేళ్ళ మోకాళ్ళతో నేనే కూర్చుని పాతాను. మీ అన్నయ్యగారు గొడుగు పట్టారు, అదే ఆయన సాయం.

ఇక్కడ సముద్రపు గాలి. మొక్క ఊగిపోతుందని గుంటలు బాగా లోతుగా తీసి, నువ్వు కట్టిన ముడి పైకి నాలుగు వేళ్ళ దాకా మట్టి ఎగదోసి, కాలితో గట్టిగా అదిమాను. ముడి దగ్గర బలహీనంగా ఉంటుంది కదా, అక్కడ విరక్కుండా ఇదే మంచి ఉపాయం అనిపించింది. పైన వేపపిండి వేసి, రోజూ ఒక బిందె పోస్తున్నాను. వానలు కూడా బాగా పడుతున్నాయి. రెండిటికి ఆకులు వాలాయి, నాటుకునేటప్పుడు మామూలే. నాన్న ఉంటే నా భుజం తట్టేవాడు. నర్సరీ రక్తం ఎక్కడికి పోతుంది.

దసరా దగ్గర పడుతోంది. సంతకం సంగతి రాయి. ఏం కావాలో కూడా రాయి, అడగడం మాత్రం నేను మానను.

శ్యామల వదిన


కడియపులంక,
సెప్టెంబరు 10, సాయంత్రం

వదినగారికి,

అమ్మిరాజు మీ ఉత్తరం ఇప్పుడే తెచ్చాడు. చదవగానే ఫోన్ చేసి "మొక్కలు ముట్టుకోకండి, నీళ్ళు పోయకండి" అని పెట్టేశాను. ఎందుకో చెప్పలేదు. ఎందుకో ఇందులో ఉంది. రేపు మొదటి బస్సుకి వస్తున్నాను, ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. నోటితో అనడం మొదలుపెడితే పెద్దవారని మధ్యలో ఆగిపోతాను. అందుకని రాసి తెస్తున్నాను. నా ముందు నిలబడి చదవండి.

అంటు ముడి మీద మట్టి కప్పమని మీకు ఎవరు చెప్పారు? ముడి ఎప్పుడూ జానెడు పైన, గాలి తగిలేట్టు ఉండాలని మన నర్సరీలో మూడో క్లాసు పిల్లకి తెలుసు. ఈ వానల్లో దాన్ని మట్టిలో పూడ్చి, కాలితో తొక్కి, దాని మీద వేపపిండి, దాని మీద బిందె. ముడి కుళ్ళకపోతే ఏమవుతుంది? ఆకులు వాలితే మామూలేనా? మామూలు కాదు. చచ్చిపోతున్నాయి.

నర్సరీ రక్తం అట. నలభై మూడేళ్ళు ఒక్క అంటు కట్టని మనిషికి రక్తం మాట్లాడుతుందా? అడిగితే ఏం పోయింది? ఫోన్ లేదా? ఉత్తరాలు రాయడం తెలుసు కదా, "సత్యా, ఎలా పాతాలి" అని ఒక్క ముక్క రాయలేకపోయారా? నాలుగు పేజీలు రాస్తారు.

నలభై కట్టాను. కట్టిన ప్రతి దానికీ ఆయన బతకాలి అనుకుంటూ టేపు చుట్టాను. ఇప్పుడు గుర్తొచ్చింది. ఇది బతికితే ఆయన బతుకుతారు, ఇది బతికితే ఆయన లేస్తారు, అలా నలభైసార్లు. అందులో నికరంగా బతికినవి పదకొండు. వాటిని మీరు కాలితో తొక్కారు.

రాత బాగాలేదు, ఉండనివ్వండి. పెద్దవారు, క్షమించమని అడగాలి. అడగను.

సత్యశ్రీ


కాకినాడ,
సెప్టెంబరు 21

సత్యా,

నువ్వు వెళ్ళిన పది రోజులకి రాస్తున్నాను. నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే నీ ముందు నిలబడి చదివాను. నన్ను ఎవరైనా అలా తిట్టి ఎన్నేళ్ళయిందో.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు నువ్వు అడగలేదు గానీ అడగాలనుకున్నావని నాకు తెలుసు. "కావాలని చేశారా వదినగారూ" అని. అవును, నీకు కోపం తెప్పించడానికే చేశానని చెప్పి గొప్ప కొట్టేసే అవకాశం ఉంది. రెండు రోజులు ఊరించింది కూడా. కానీ కాదు. నిజంగానే మర్చిపోయాను. తెలుసు అనుకున్నాను, తెలియదు. నాన్న ఉంటే భుజం తట్టేవాడు కాదు, చింత బరికె తీసేవాడు. ఆకు నలిపి నీకు పాఠం చెప్పినదాన్ని, నాకు ముడి సంగతే తెలియకపోయె. సిగ్గుగా ఉంది.

నువ్వు పెరట్లో కొంగు దోపి, వేళ్ళతో మట్టి తీస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పార ఇస్తే విసిరేశావు. నాలుగో మొక్క దగ్గర బెరడు నల్లబడి ఊడి నీ చేతిలోకి వచ్చింది. నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. మీ అన్నయ్యగారు మంచినీళ్ళు తెస్తే "అక్కడ పెట్టండి" అని ఆయన్ని కూడా కసిరావు. పాపం, ఆయన ఇంకా గొడుగు పట్టుకునే ఉన్నారు. మూడు పోయాయి. ఎనిమిది బతికాయి, నిన్న చూస్తే రెండిటికి ఎర్ర చిగురు వచ్చింది, నలిపి చూశాను, జీలకర్ర వాసనే. ముడులు గాలికి ఉన్నాయి. ఒక్క చుక్క నీళ్ళు పోయడం లేదు, ఒట్టు.

అదే మట్టి చేతులతో నిన్ను దుర్గాశ్రీ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆ పిల్ల "ఆఖరిసారి కోపం ఎప్పుడొచ్చిందండి?" అని అడిగితే నువ్వు నా వైపు చూసి "ఈ పొద్దున్నే" అన్నావు. నేను తల దించుకున్నాను. మాత్రలు వేసుకుంటున్నావా? నెల తర్వాత మళ్ళీ రమ్మంది, మర్చిపోకు. కోపం ఒకటి రెండు రోజులు ఉండి పోవచ్చు, మళ్ళీ మొద్దుబారినట్టు అనిపించినా బెదిరిపోవద్దు అని నాతో విడిగా చెప్పింది.

ఈసారి ఏం కావాలని అడగను. అడిగి అడిగి నాకే విసుగొచ్చింది.

శ్యామల


కడియపులంక,
అక్టోబరు 8

వదినగారికి,

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. మీ ఊరి నుంచి వచ్చాక మూడో రోజుకి కోపం పోయింది. మళ్ళీ అంతా మామూలు. లేచాను, మోటారు వేశాను, టిఫిను పెట్టాను. మాత్రలు వేసుకుంటున్నాను. పోయిందే అని ఒక చిన్న బెంగ మాత్రం పట్టుకుంది. ఇంతకుముందు అది కూడా ఉండేది కాదు.

నిన్న మిట్టమధ్యాహ్నం అన్నం వండి బయటికి వస్తే మీ తమ్ముడు కర్ర గోడకి ఆనించి, పైపు పట్టుకుని కొత్త అంటు మొక్కల మీద నీళ్ళు కొడుతున్నారు. ఎండ భగభగమంటోంది. రెండు వరసలు అప్పటికే తడిపేశారు.

"మతి ఉందా అండీ మీకు? ఈ ఎండలో నీళ్ళేమిటి, ఉడికిపోవా మొక్కలు? పుట్టి బుద్ధెరిగి మొక్కలు చూడలేదా? ఒక్క పూట ఊరికే కూర్చోలేరా?" అని అరిచాను. వీధిలో వాళ్ళు ఆగి చూసేంత గట్టిగా. ఇంకా చాలా అన్నాను. చేతిలో పైపు లాక్కున్నాను, నా చీర కూడా తడిసింది.

ఆయన మెల్లగా గట్టు మీద కూర్చున్నారు. పడిపోతారేమోనని చెయ్యి పట్టుకోబోయాను. "పట్టుకోకు. నేను కూర్చోగలను" అన్నారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"మూడేళ్ళయింది సత్యా, నువ్వు నన్ను ఒక మాట అని. లేవండి, మింగండి, తిరగండి. అంత మెత్తగా మాట్లాడుతుంటే నేను నీ పేషెంటుననుకున్నాను. ఇవాళ మొగుణ్ణి తిట్టినట్టు తిట్టావు" అన్నారు.

లీజు ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. ఇన్నాళ్ళూ అడగనే లేదు నేను. "నాకు ఇష్టమై కాదు. నిన్ను చూస్తే భయమేసింది. నీ మొహంలో ఏమీ కనపడేది కాదు. ఈ మొక్కల చాకిరీ వల్లే ఇలా అయిపోయావు, ఇవి లేకపోతే మనిషివవుతావు అనుకున్నాను. నువ్వు ఒక్కసారి కాదంటావేమోనని ఎదురు చూశాను. నువ్వు మీ ఇష్టం అన్నావు" అన్నారు.

ఆయన కోసం నేనూ, నా కోసం ఆయనా, ఇద్దరికీ అక్కర్లేని కాగితం మీద సంతకం పెట్టబోయాం.

ఏడ్చానని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది. ఏడవలేదు. కళ్ళు మండాయి, అంతే. కానీ ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నాను. చాలాసేపు లేవలేదు. అన్నం చల్లారిపోతోందని గుర్తొచ్చింది, అయినా లేవలేదు. రత్తమ్మ వచ్చి చూసి వెళ్ళిపోయింది. ఇవాళ పొద్దున్న ఆయనే లోకనాథ్ గారికి ఫోన్ చేసి "మా ఆవిడ ఒప్పుకోవటం లేదండి" అని చెప్పారు. ఆయన గొంతులో ఎంత గర్వం ఉందో, విననట్టు పక్క గదిలో నిలబడి విన్నాను.

రేపు ఎలా ఉంటుందో తెలియదు. మళ్ళీ ఏమీ లేకపోవచ్చు. అందుకే ఇవాళే రాస్తున్నాను.

మీరు ప్రతి ఉత్తరంలో అడిగేవారు, పోయిన ఉత్తరంలో మానేశారు. అయినా చెబుతున్నాను. శనివారం వ్యాను ఖాళీగా పంపకండి. ఎనిమిదింటిలో ఒకటి మీరు ఉంచుకోండి, ముడి పైకి కనబడేట్టు. మిగిలిన ఏడు మొక్కలూ నాకు కావాలి.

మీ
సత్య